నరం లేని నాలుక

ఫెర్రీ దిగేసరికి హీయుమా దీవి మీద వాన.
నా సంచిలో చిన్న స్కేలు, భూతద్దం,
ముప్ఫై పేజీల నియమావళి, ఒక అరటిపండు.
అరటిపండు తన గురించి ఏమీ చెప్పుకోదు.
దాని మీద నాకు ఫిర్యాదు లేదు.

హెల్యూ వంటింట్లో అరవై సీసాలు.
అస్తెల్‌పాయు పళ్లు, ముళ్లకొమ్మకు కరుచుకుని కాస్తాయి,
నారింజ రంగు, నోట్లో వేస్తే చెవుల దాకా పులుపు.
చేతులు చీరుకుపోతుంటే కోసింది,
అర్ధరాత్రి దాకా ఉడికించింది,
ఒక్కో సీసా మీద ఊదారంగు సిరాతో రాసింది:
"మోకాళ్ల నొప్పి పోతుంది.
రక్తపోటు దిగుతుంది.
గుండె కుదుటపడుతుంది."

స్కేలు తీశాను.
చిన్నక్షరం ఎత్తు ఒకటీ పాయింట్ రెండు మిల్లీమీటర్లు ఉండాలి.
ఉంది, రెండింతలు. ఆమెది బడిపిల్లల చేతిరాత.

"అబద్ధమా?" అంది.
"తెలీదు."
"మరి?"
"నిజమని ఎవరూ తేల్చలేదు.
తేల్చినా సరే, రోగం పేరెత్తి
నయం చేస్తానని తిండి అనకూడదు. అది మందు మాట."
"మా అమ్మ మోకాళ్లు తేల్చాయి," అంది హెల్యూ.

నా పట్టికలో అమ్మ మోకాళ్లకు గడి లేదు.

నూరు గ్రాముల్లో మూడు గ్రాముల పీచుంటే
"ఉంది" అనొచ్చు. ఆరుంటే "ఎక్కువ".
ఐదుముప్పావు ఉంటే
"ఉంది" అని ఊరుకోవాలి, కోపం వచ్చినా.
పంచదార అరగ్రాము దాటిందా, "లేదు" అనే మాటే లేదు.
"తగ్గించాం" అంటే నూటికి ముప్ఫై పాళ్లు తగ్గి తీరాలి.
నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు కదా,
దానికి ఎముక పెట్టడం నా ఉద్యోగం.

పోయిన వారం తాలిన్‌లో
ఓ పెద్ద కంపెనీ అట్టపెట్టె చూశాను.
రాకెట్టెక్కిన ఎలుగుబంటి బొమ్మ,
లోపల నాలుగోవంతు పంచదార,
దాని మీద చల్లిన విటమిన్ డి, కొలిచి, రశీదుతో సహా.
"రోగనిరోధక వ్యవస్థ మామూలుగా పనిచేయడానికి
విటమిన్ డి తోడ్పడుతుంది."
అక్షరం పొల్లుపోలేదు. అంతా నిజమే.
సంతకం పెట్టాను.
వేళ్లు ఇంకా జిగటగానే ఉన్నాయి.

అది హెల్యూకి చెప్పలేదు.
ఎండెల్ సంగతి చెప్పాను.
పడవలకు తారు పూసే ఎండెల్
ఎక్కడో కొన్న ఆకుపచ్చ సీసా మీద
"చక్కెర వ్యాధిని వేళ్లతో సహా పెకలిస్తుంది" అని చదివి
మాత్రలు మానేశాడు. తొమ్మిది వారాలు.
పెకలింది వేళ్లే.
ఎడమ కాలివి, మూడు.
సీసా అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో
"ఫలితాలు మనిషిని బట్టి మారవచ్చు" అని ఉంది.

హెల్యూ కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది.
"ఎండెల్ మా ఆయన తమ్ముడు," అంది.
"ఆ సీసా నాది కాదుగా?"
"కాదు."
"సరే," అంది.
కాసేపటికి, "నాది అయ్యుండేది," అంది.

ఆ తర్వాత మేమిద్దరం టీ తాగాం.
ఏం రాయొచ్చో చెప్పాను:
పండు, పంచదార, నీళ్లు, బరువు, తేదీ, ఊరు, పేరు.
"విటమిన్ సి?"
"ఉండే ఉంటుంది. ల్యాబులో కొలిపించి రాయాలి."
"ఎంతవుతుంది?"
చెప్పాను.
పళ్లన్నీ కనిపించేలా నవ్వింది.
"ఈ అరవై అమ్మినా అంత రాదు."

తడిగుడ్డతో లేబుళ్లు తుడవడం మొదలుపెట్టింది.
సిరా పూర్తిగా పోదు,
ప్రతి సీసా మీదా ఊదారంగు మబ్బొకటి మిగిలింది.
మబ్బు గురించి నియమావళిలో వెతకలేదు.

"పులుపు అనొచ్చా?"
"అనొచ్చు. రుచికి కొలత లేదు."
"చాలా?"
"చాలా కూడా."

డబ్బిచ్చి, రశీదు అడిగి, ఒకటి తీసుకున్నాను.
ఫెర్రీ మెట్లెక్కుతుంటే కుడి మోకాలు కలుక్కుమంది.
పైన గాలిలో మూత తీసి రెండు చెంచాలు మింగాను.
కళ్లలో నీళ్లు తిరిగాయి.
ఆ మేరకు లేబుల్ సరైనదే.
మోకాలి సంగతి ఇంకా తేలలేదు.